పది అంకెలు

మా 1995–96 పదో తరగతి వాళ్ళలో ఎవర్ని కదిపినా ముందు సోషల్ మాస్టారి వీడియో క్లాసు సంగతే ఎత్తుతారు. శనివారం బడి వదిలాక సైన్సు గదిలో ఎనిమిది మందిమి ఉండిపోయేవాళ్ళం. కెమెరా బడిది కాదు. పెళ్ళి వీడియోలు తీసే స్టూడియో ఆయనకి ఆషాఢంలోనూ పుష్యంలోనూ పనుండేది కాదు. ఆ రోజుల్లో తన వీహెచ్‌ఎస్ కెమెరాని మాస్టారి మాట మీద ఇచ్చేవారు. మిగతా నెలలన్నీ మాకు అట్టముక్కే కెమెరా. 8 అంగుళాల వెడల్పు, 6 అంగుళాల ఎత్తున అందులో కిటికీ కోయించారు, టీవీ తెర కొలత 4:3 కాబట్టి. ఆ కిటికీలోంచి కాలవగట్టు చూసుకుంటూ ఎక్కడ నిలబడాలో నేర్చుకున్నాం. కెమెరా చేతికొచ్చేసరికి మాకు చూడటం వచ్చేసింది.

పదో తరగతిలో ఈ సినిమా గోలేంటని పెద్దవాళ్ళు బడికొచ్చారు. మాస్టారు కుర్చీలు వేయించి కూర్చోబెట్టి, 1936లోనే నిడమర్తి సూరయ్యగారు మన రాజమండ్రిలో దుర్గా సినీటోన్ స్టూడియో పెట్టారనీ, ఇది ఎక్కడో మద్రాసు వాళ్ళ విద్య కాదనీ చెప్పారు. మా నాన్న మారు మాట్లాడలేదు.

వైట్ బ్యాలెన్స్‌కి, అంటే ఏది తెలుపో కెమెరాకి చూపించి రంగులు సరిచేయడానికి, మాస్టారి కండువాయే మాకు తెల్లకాగితం. తోటలోకి వెళ్ళగానే దాన్ని ఎండలో చాచి పట్టుకునేవారు. నీడలోకి మారితే మళ్ళీ పట్టాలి. లేదంటే తెల్లబట్టలు నీలంగా పడతాయి. గోదావరి గాలి మైకులో హోరుమంటుందని దానికి చేతిరుమాలు చుట్టేవాళ్ళం.

అన్నిటికన్నా గట్టిగా చెప్పింది పది అంకెలు. బటన్ నొక్కాక లోపల పది లెక్కపెట్టి అప్పుడు పని మొదలు పెట్టమనాలి. పని అయిపోయాక మళ్ళీ పది లెక్కపెట్టి అప్పుడు ఆపాలి. ఎందుకో స్టూడియోలో రాత్రి కూర్చున్నప్పుడు తెలిసింది. రెండు వీసీఆర్లు. ఒకదాంట్లో టేపు తిరుగుతుంటే రెండోదాంట్లోకి ఎక్కించాలి. టేపు వేగం అందుకుని బొమ్మ నిలదొక్కుకోడానికి కాస్త సమయం పడుతుంది. ముందూ వెనకా ఖాళీ లేకపోతే అసలు సంగతే తెగిపోతుంది.

మేం తీసింది కొబ్బరి దింపు మీద, పన్నెండు నిమిషాల వీడియో. 1996 సంక్రాంతి సెలవుల్లో మా చిన్నాన్నగారి తోటలో దింపు తీసే తాత చుట్టూ నాలుగు రోజులు తిరిగాం. చెట్టెక్కడానికి కాళ్ళకి తాడు బందం తగిలించుకోవడం, పైకెళ్ళాక గెల మీద కత్తి ఆనించి కిందనున్న మమ్మల్ని ‘ఎడంగా ఉండండి బాబూ’ అని కేకేయడం, కాయ నేల మీద దభీమని పడటం... ఆ చప్పుడు కోసమే మైకు చెట్టు మొదట్లో పెట్టి మూడుసార్లు తీశాం. వ్యాఖ్యానం మా క్లాసు అమ్మాయి రాసింది. ‘కళ్ళకి కనపడేది మళ్ళీ చెప్పకమ్మా’ అని మాస్టారు సగం కొట్టేశారు. ఆయన చేసింది సబబేనని ఇప్పటికీ అంటాను.

వార్షికోత్సవంలో వేశాం. తాతని ముందు వరుసలో కూర్చోబెట్టాం.

ఆ ఏడే నవంబరు 6న తుఫాను. తెల్లారి చూస్తే చిన్నాన్నగారి తోటలో నిలబడ్డ చెట్లు వేళ్ళ మీద లెక్కపెట్టచ్చు. విరిగినవి కొన్ని, వేళ్ళతో లేచినవి కొన్ని. తాత గట్టు మీద కూర్చుని ఏమీ అనలేదు. ఆయనకి ఆ తోటలో ప్రతి చెట్టూ తెలుసు.

వీడియో టేపు చేతులు మారి ఎటో పోయింది. ఎడిట్ చేయకముందు తీసిన అసలు టేపు మాత్రం మా అటక మీద మిగిలింది. చెమ్మకి బూజు పట్టింది. శుభ్రం చేయించి కంప్యూటర్లోకి ఎక్కించి, ఈ సంచిక పని మొదలైనప్పుడు తాత మనవడిని పిలిచి చూపించాను.

అతను ఎక్కువసేపు చూసింది మేం వీడియోలోకి తీసుకోకుండా వదిలేసిన ముక్క. తాత దిగాడు, బందం విప్పాడు. పని అయిపోయింది. కెమెరా ఆగిందనుకున్నాడు. చెట్టుని అరచేత్తో రెండుసార్లు తట్టి, తలెత్తి మొవ్వు వైపు చూశాడు. వెనక తోటంతా ఊగుతోంది. మైకుకి దగ్గరగా గుసగుసగా నా గొంతు, ఏడు, ఎనిమిది, తొమ్మిది. ‘అయిపోయిందా బాబూ?’ అని తాత ఇటు తిరిగాడు.

మనవడు మళ్ళీ వెయ్యమన్నాడు.