అనాతోతు పొలం

“నాకు అసాధ్యమైనదేదైన నుండునా?” (యిర్మీయా 32:27). డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో పంచే వాగ్దాన కార్డుల్లో ఈ మాట ఎవరికో ఒకరికి వస్తూనే ఉంటుంది. ఉద్యోగం, పెళ్లి, ఆపరేషన్, ఆ ఏడాది ఏ అక్కర ఉంటే దానికోసం ఆ వాగ్దానాన్ని పట్టుకుని ప్రార్థిస్తారు. మంచిదే. కానీ ఆ మాట ఒక పొలం బేరం దగ్గర వచ్చిందని కార్డు మీద ఉండదు. అధ్యాయమంతా చదవాలి.

యూదా రాజు సిద్కియా ఏలుబడిలో పదో సంవత్సరం అది. బబులోను సైన్యం యెరూషలేమును ముట్టడించింది. పట్టణం శత్రువు చేతికి పోతుందని ప్రకటించినందుకు ప్రవక్త యిర్మీయాను చెరసాల ప్రాకారంలో ఉంచారు. అప్పుడు తండ్రి తోడబుట్టినవాడి కొడుకు హనమేలు వచ్చి, అనాతోతులో ఉన్న నా పొలం కొనుక్కో, దగ్గరి బంధువుగా దాన్ని విడిపించే హక్కు నీదే అన్నాడు. అనాతోతు యిర్మీయా సొంత ఊరు. అతని ప్రాణం తీయాలని చూసిన ఊరు కూడా (11:21). దేశమే చేజారిపోతుంటే ఆ నేలకు ఎవరైనా డబ్బు పెడతారా? అయితే హనమేలు వస్తాడని దేవుడు ముందే చెప్పాడు. యిర్మీయా 17 తులాల వెండి తూచి ఇచ్చేశాడు.

ఆ తర్వాతి భాగం నాకు మరీ ఇష్టం. క్రయపత్రం రాసి, ముద్ర వేసి, సాక్షుల చేత సంతకాలు పెట్టించాడు. ముద్ర ఉన్న ప్రతినీ, లేని ప్రతినీ తన లేఖకుడు బారూకు చేతికిచ్చి, చాలాకాలం నిలిచేలా మంటికుండలో పెట్టమన్నాడు. రేపే పంట వేయబోయే రైతు కూడా ఇంత జాగ్రత్తగా రిజిస్ట్రేషన్ చేయించుకోడేమో! ఈ దేశంలో ఇళ్లూ పొలాలూ మళ్లీ కొంటారని దేవుడు చెప్పాడు. ఆ మాటను యిర్మీయా ఎంతగా నమ్మాడో ఆ కుండలో కనిపిస్తుంది.

పని పూర్తయ్యాక ప్రార్థనకు కూర్చున్నాడు. “నీకు అసాధ్యమైనదేదియు లేదు” అని మొదలుపెట్టి, చివరికి వచ్చేసరికి, ముట్టడి దిబ్బలు ఎదురుగా కనబడుతున్నాయి, అయినా పొలం కొనమన్నావే ప్రభువా అన్నాడు. డబ్బు ఇచ్చేశాక టెన్షన్! దేవుడు అతన్ని గద్దించలేదు. మన కార్డుల మీది మాట ఆ ప్రార్థనకు జవాబుగా వచ్చింది. పట్టణం కాలిపోతుందన్నదీ అదే జవాబులో ఉంది, చెదరిపోయినవాళ్లను తిరిగి రప్పిస్తానన్నదీ అదే జవాబులో ఉంది. మనం సగమే కార్డు మీద రాసుకుంటున్నాం.

క్రీ.పూ. 586లో యెరూషలేము కాలిపోయింది. తర్వాత మిగిలిన జనం యిర్మీయాను ఐగుప్తుకు తీసుకుపోయారు. అతను తిరిగొచ్చినట్టు గానీ, ఆ పొలంలో అడుగుపెట్టినట్టు గానీ బైబిల్లో ఎక్కడా లేదు.

మన సంఘాల్లో కొడుకు మారుమనస్సు కోసం ఏళ్ల తరబడి ఉపవాసముండి, అది కళ్లారా చూడకుండానే ప్రభువునందు నిద్రించిన తల్లులున్నారు. వాళ్ల ప్రార్థన వ్యర్థమైందని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. దేవుడు నమ్మదగినవాడు అంటే, మన ఆయుష్షు ముగిసినా ఆయన మాట ముగియదని నేను నమ్ముతున్నాను.

క్రీ.పూ. 538లో పారసీక రాజు కోరెషు ఆజ్ఞతో యూదులు బబులోను చెర నుంచి తిరిగి రావడం మొదలైంది. పేర్ల పట్టికే కదా అని మనం దాటేసే ఎజ్రా రెండో అధ్యాయంలో, 23వ వచనంలో, అనాతోతువాళ్లు 128 మంది ఉన్నారు. వాళ్లలో చాలామంది యిర్మీయాను ఎన్నడూ చూసి ఉండరు. బెన్యామీను గోత్రంవాళ్లు మళ్లీ కాపురమున్న ఊళ్ల పేర్లు నెహెమ్యా 11లో ఉన్నాయి. అందులో అనాతోతు ఉంది.