కుడి సీట్లో కూర్చునేవాళ్లు

గుంటూరులో హౌస్ సర్జన్సీ చేసేటప్పుడు ఓపీలో పేషంటు నోరు ఆపడమే కష్టం. కాలు నొప్పని వచ్చినవాడు నిద్ర పట్టకపోవడం నుంచి తిన్నది అరక్కపోవడం దాకా అన్నీ ఏకరువు పెట్టేవాడు. అమెరికాలోని కాన్సాస్‌లో నా దగ్గరికి 'మెడికల్' కోసం, అంటే విమానం నడపడానికి ఒంట్లో బాగుందని డాక్టరిచ్చే సర్టిఫికెట్ కోసం, వచ్చే పైలట్లు దానికి పూర్తిగా తలకిందులు. నిద్ర? భేషుగ్గా పడుతోంది. ఛాతీలో ఎప్పుడైనా పట్టేసినట్టు ఉందా? అబ్బే. ఉన్నది చెబితే విమానం షెడ్డు దాటదని భయం. ఆ భయం వట్టిది కూడా కాదు. కొన్ని జబ్బులు ఒప్పుకుంటే ఫైలు ఎఫ్ఏఏకి, అంటే ఇక్కడి విమానయాన శాఖకి, పోతుంది, నెలలు పట్టొచ్చు.

జే-1 వెయివర్ (డాక్టర్లు తక్కువున్న చోట పనిచేస్తే స్వదేశం తిరిగి వెళ్లకుండా ఉండనిచ్చే వీసా ఏర్పాటు) కింద మూడేళ్లు చేసి పెద్ద ఊరికి పోదామని వచ్చి, ఇక్కడే ఉండిపోయాను. సెస్నాలు, బీచ్‌క్రాఫ్ట్‌లు అనే చిన్న విమానాలు పుట్టిన విచిటా ఈ రాష్ట్రంలోదే. గోధుమ రైతుల షెడ్లలో కంబైన్ హార్వెస్టర్ పక్కనే పాత సెస్నా కనిపిస్తుంది. గ్రీన్ కార్డు వచ్చాక ఓక్లహోమా సిటీలో శిక్షణ తీసుకుని పైలట్ల పరీక్షలు కూడా మొదలుపెట్టాను. మా అమ్మ ఊళ్లో "మావాడు పైలట్ల డాక్టరు" అని చెప్పుకుంటుంది. ఆవిడ దృష్టిలో పైలట్ అంటే తెల్ల చొక్కా, నల్ల టై. నా దగ్గరికి వచ్చేవాళ్ల బూట్లకి మట్టి ఉంటుంది.

సొంత విమానం నడుపుకునేవాళ్లకి కావలసింది మూడో తరగతి సర్టిఫికెట్. నలభై లోపువాళ్లకి 60 నెలలు, దాటినవాళ్లకి 24 నెలలు చెల్లుతుంది. చూపు, వినికిడి చూస్తాను, బీపీ 155/95 దాటకూడదు. ఈసీజీ అక్కర్లేదు, అది ఎయిర్‌లైన్ కెప్టెన్లకి. 2017 నుంచి బేసిక్‌మెడ్ అని ఇంకో దారి వచ్చింది, నాలుగేళ్లకోసారి మామూలు డాక్టరు చూసినా చాలు. మావాళ్లు చాలామంది అటే పోయారు. పోనివ్వండి, నాకేం బాధ లేదు. ఎందుకంటే, నా సంతకం ఇవాళ్టి సంగతి చెబుతుంది, వచ్చే నెల సంగతి చెప్పలేదు.

2022 మే నెలలో ఫ్లోరిడాలో జరిగింది చూడండి. బహామాస్ నుంచి తిరిగొస్తున్న సెస్నా క్యారవాన్‌లో పైలట్ ఉన్నట్టుండి మాట తడబడి సోలిపోయాడు. గుండె నుంచి బయల్దేరే పెద్ద రక్తనాళం, బృహద్ధమని, లోపలి పొర చీలింది. అలాంటిది నా గదిలో స్టెతస్కోపుకీ బీపీ పట్టీకీ ముందుగా దొరికే అవకాశం దాదాపు లేదు. విమానం నడపడం తెలియని ప్రయాణికుడు ముందుకొచ్చి, డైవ్ కొడుతున్న విమానాన్ని నిలబెట్టి రేడియోలో సాయం అడిగాడు. విరామంలో ఉన్న కంట్రోలర్ ఒకాయన, స్వయానా ఫ్లయింగ్ ఇన్‌స్ట్రక్టర్, పరుగున వచ్చి క్యారవాన్ కాక్‌పిట్ బొమ్మ ప్రింట్ తీసి ముందు పెట్టుకుని, పామ్ బీచ్ రన్‌వే మీదికి దింపించాడు. పైలట్ కూడా బతికాడు.

కొన్నిసార్లు జబ్బు మనిషిలో కాదు, యంత్రంలో ఉంటుంది. 2017 ఫిబ్రవరిలో మిన్నెసోటాలో మూనీ విమానంలో ఒంటరిగా వెళ్తున్న పైలట్ కార్బన్ మోనాక్సైడ్‌కి, అంటే ఇంజన్ పొగలో ఉండే వాసన లేని విషవాయువుకి, స్పృహ తప్పాడు. ఆటోపైలట్ ఇంధనం అయిపోయేదాకా మోసుకుపోయింది. విమానం మంచు పొలంలో తనంతట తానే దిగింది, ఆయన లేచి నడిచి వెళ్లాడు. అంత అదృష్టం ఎవరికి రాసిపెట్టి ఉంటుంది? ఈ చిన్న విమానాల్లో హీటర్‌కి వేడి ఎగ్జాస్ట్ గొట్టం చుట్టూ తిరిగిన గాలి నుంచే వస్తుంది. గొట్టానికి చిన్న పగులు చాలు. అందుకే చలికాలంలో వచ్చేవాళ్లని బీపీ కన్నా ముందు మోనాక్సైడ్ అలారం పెట్టించారా అని అడుగుతాను.

ఈమధ్య కొత్త విమానాల్లో బటన్ నొక్కితే తనే దిగిపోయే ఏర్పాటు ఉంది, 2020లో అనుమతి వచ్చింది. మా రైతుల 1970ల నాటి సెస్నాలకి అది ఎక్కడిది!

మిగిలింది కుడి సీట్లో, పైలట్ పక్కన కూర్చునే మనిషి. విస్కాన్సిన్‌లో 2012లో ఎనభై ఏళ్లావిడ, భర్త గాల్లోనే పోతే, ఇంధనం అడుగంటి ఒక ఇంజన్ ఆగిపోయాక కూడా రెండింజన్ల సెస్నాని దింపింది. ఎప్పుడో ముప్ఫై ఏళ్ల కిందట భర్త పోరు పెట్టి కాస్త నేర్పించాడట. ఇలా పక్కవాళ్లకి నేర్పే చిన్న కోర్సుకి ఇక్కడ 'పించ్ హిట్టర్' అని పేరు.

పోయినేడాది ఒక పెద్దాయన పరీక్షకొస్తే, వెంట వచ్చిన భార్యని అడిగాను, ఆయన గాల్లో సోలిపోతే మీరేం చేస్తారని. "ప్రార్థన చేస్తాను డాక్" అంది. ఎన్నో ఏళ్లుగా ఆయన పక్కనే ఎగురుతోంది, రేడియోలో మాట్లాడాలంటే ఏ మీట నొక్కాలో తెలియదు. ఆ మీట తన ముందున్న కంట్రోల్ చక్రం మీదే ఉంది. పెద్దాయన నవ్వేసి ఊరుకోబోయాడు, నేను ఊరుకోలేదు. ఇక్కడి ఇన్‌స్ట్రక్టర్ నంబరు రాసి ఆవిడ చేతికే ఇచ్చాను. మొదట విమానాన్ని సమంగా ఉంచడం, తర్వాత మీట నొక్కి మాట్లాడటం, ఎవరూ పలక్కపోతే రేడియోని ఆపద సమయాల ఫ్రీక్వెన్సీ 121.5కి తిప్పడం, చివర్న దిగడం. ఆ వరసలో నేర్పారు.

మొన్న బీపీ మందుల కోసం ఇద్దరూ వచ్చారు. ఆవిడ ఇప్పుడు దారి పొడవునా ఆయన ఎత్తు ఎంత తప్పుతున్నాడో లెక్క చెబుతోందట. "బీపీ నూటయాభై వచ్చిందంటే కారణం నువ్వే డాక్," అంటాడాయన. ఆవిడేమో సొంతంగా స్టూడెంట్ లైసెన్సు తీసుకోవడానికి మెడికల్ ఫారం నింపుకుని వచ్చింది.