గేట్లు లేని స్టేషన్లు

బెర్లిన్‌లో మెట్రో మెట్లు దిగితే నేరుగా ప్లాట్‌ఫారం మీదికే చేరతాము. అమీర్‌పేటలో కార్డు తాకించి గేటు తెరుచుకునేదాకా ఆగడానికి అలవాటుపడిన నాకు ఈ స్వేచ్ఛ మొదట హాయిగానూ, ఆ తరువాత కాస్త అనుమానంగానూ తోచింది. యంత్రంలో కొన్న కాగితపు టికెట్టును ప్లాట్‌ఫారం మీది మరో చిన్న పెట్టెలో దూర్చి, తేదీ, సమయం ముద్ర వేయించుకుంటేనే అది చెల్లుతుంది.

ధర సంగతి చెప్పక తప్పదు. 2025లో నేను వెళ్ళేసరికి నగరమంతా ఇమిడే ఏ, బీ జోన్లకు ఒక ప్రయాణం టికెట్టు 3.80 యూరోలు. రెండు గంటల్లోపు రైలు, బస్సు, ట్రాము ఏది మారినా అభ్యంతరం లేదు గానీ, వెనక్కి రాకూడదు, చుట్టు తిరిగి బయలుదేరిన చోటికి చేరకూడదు. నేనేమో నగరాన్ని దాదాపు గంటలో చుట్టివచ్చే రింగ్‌బాన్ రైలు ఎక్కుదామని వెళ్ళినవాణ్ణి! చేసేది లేక 10.60 యూరోలు పోసి 24 గంటల టికెట్టు తీసుకున్నాను. ఆ డబ్బుతో సికింద్రాబాదు నుంచి విశాఖకు స్లీపరులో వెళ్ళి, దారిలో భోజనం కూడా చేయవచ్చు.

ఓస్ట్‌క్రాయిజ్ స్టేషన్లో, ఆ రింగు మీద సవ్యదిశలో తిరిగే ఎస్-41 రైలు ఎక్కాను. నాయ్‌కోల్న్ దాటాక, అంతసేపూ నా పక్కనే మామూలు దుస్తుల్లో, వీపున సంచితో నిలుచున్న మనిషి తలుపులు మూసుకోగానే జేబులోంచి గుర్తింపు కార్డు తీసి టికెట్లు చూపమన్నాడు. ఎదుటి సీట్లలో పెట్టెలతో కూర్చున్న పర్యాటకుల జంట దగ్గర టికెట్లున్నాయి, ముద్ర లేదు. వాళ్ళు ఇంగ్లీషులో ఎంత బతిమాలినా అతను గొంతు పెంచలేదు, తగ్గనూ లేదు. మనిషికి 60 యూరోల చొప్పున రసీదులు చేతికిచ్చి తరువాతి స్టేషన్లో దిగిపోయాడు. మన ఆర్టీసీ కండక్టరైతే మనం కూర్చోకముందే మీదికి వచ్చి, విసుక్కుంటూనైనా టికెట్టు కొట్టి, తప్పు చేసే వీలే లేకుండా చేస్తాడు. అడ్డగించకుండా లోపలికి రానిచ్చి, ఆనక పట్టుకునే ఈ పద్ధతిని నాగరికమని మెచ్చుకోవడానికి ఆ పూట నాకు మనసొప్పలేదు.

ఈ రింగు 1961లో నగరాన్ని తూర్పు, పశ్చిమాలుగా చీలుస్తూ బెర్లిన్ గోడ కట్టినప్పుడు తెగిపోయి, మళ్ళీ పూర్తి వలయంగా కలిసింది 2002లోనే. గెజుండ్‌బ్రున్నెన్‌లో రైలు మారి నోర్డ్‌బాన్‌హోఫ్ స్టేషనుకు వెళ్ళాను. గోడ ఉన్న కాలంలో పశ్చిమ బెర్లిన్ రైళ్ళు తూర్పు భాగం కిందుగా పోతూ, సాయుధ కాపలా ఉన్న ఇలాంటి స్టేషన్లలో ఆగకుండా నెమ్మదిగా దాటిపోయేవట. ఆ వివరాలన్నీ స్టేషను లోపలే ప్రదర్శనగా పెట్టారు, చూడటానికి రుసుము లేదు. ఈ నగరంలో పైసా తీసుకోకుండా చూపించినది కనుక ప్రతి పలకనూ తీరిగ్గా చదివాను.

బయటికి వచ్చాక, టికెట్టుకు ఇంకా గడువుంది కాబట్టి, పెట్టిన సొమ్ము రాబట్టుకోవాలన్న పట్టుదలతో పనేమీ లేకపోయినా ఎం-10 ట్రామెక్కి వార్షావర్ స్ట్రాసె దాకా వెళ్ళాను. అందులో టికెట్టు అడిగినవాడే లేడు.