మందు మానిన మూడో రాత్రి – నా అనుభవం

నిన్ననే మా తమ్ముణ్ణి డిశ్చార్జ్ చేయించి ఇంటికి తెచ్చుకున్నాం. కోపం చల్లారకముందే రాస్తున్నా. మాది కడప. వాడు పదిహేడేళ్లకే తాగుడు మొదలుపెట్టాడు. క్రికెట్ బెట్టింగుల్లో బండి కూడా పోగొట్టుకున్నాడు. ఈమధ్య నా కూతురి మీద ఒట్టేసి ఒక్కసారిగా మానేశాడు.

మొదట చేతులు వణికాయి, చెమటలు పట్టాయి. మూడో రాత్రి దుప్పటి మీద లేని చీమల్ని ఒక్కొక్కటే ఏరి, కిందేసి, మడమతో నలుపుతా కూర్చున్నాడు. "రేయ్, ఏందిరా?" అంటే "ఎవురు నువ్వు?" అన్నాడు నన్ను.

ఆటోలో ఒక ఆసుపత్రికి పరిగెత్తాం. క్యాజువాల్టీలో ఉన్నాయన వాడి వైపు కన్నెత్తి చూడలేదు. "తాగినోళ్లను ఇక్కడికెందుకు తెస్తారమ్మా? దిగినాక తీసుకురాపో" అన్నాడు. "మూడు రోజులుగా చుక్క ముట్టలేదు సార్, నోటి దగ్గర వాసన చూడండి" అన్నాను. "అందరూ చెప్పేదే" అని వార్డుబాయ్‌తో కలిసి నవ్వాడు. బెంచీల మీది జనమంతా మమ్మల్నే చూస్తున్నారు. ఒకామె "మొగుడా?" అని జాలిగా అడిగింది. నేను కదల్లేదు. గొంతు పెంచి అరిచాను. ఆ అరుపుకే లోపల్నుంచి ఒక హౌస్ సర్జన్ అమ్మాయి వచ్చింది. నాడి పట్టుకుని ఒకే ప్రశ్న అడిగింది: "ఆఖరిసారి ఎప్పుడు తాగాడు?" రోజు, పూటతో సహా చెప్పాను. వెంటనే బి1 ఇంజెక్షను, నిద్రకు మందు, సెలైను మొదలయ్యాయి. ఆ పిల్ల చల్లగా ఉండాల.

దీన్ని డెలీరియం ట్రెమెన్స్ అంటారట. రోజూ బాగా తాగేవాళ్లు హఠాత్తుగా ఆపితే కొందరికి సాధారణంగా రెండు నుంచి నాలుగు రోజుల్లో వస్తుంది. పట్టించుకోకపోతే ప్రాణం పోవచ్చు. తాగే మందు మెదడును అణచిపెడుతుంటే, మెదడు దానికి ఎదురు తన ఉద్రేకాన్ని పెంచుకుంటుంది. మందు తీసేయగానే ఆ ఉద్రేకానికి అడ్డుండదు. ఫిట్స్, లేనివి కనిపించడం అందుకే. కాబట్టి మీ ఇంట్లో ఎవరైనా మానతానంటే, డాక్టరుకు చెప్పి మాన్పించండి.

సైకియాట్రీ వార్డులో ఏ ఇబ్బందీ లేదు. అక్కడి మేడం ఓపిగ్గా చెప్పారు. నుదుటి వెనకుండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్ మెదడుకు బ్రేకు లాంటిదట. అది పూర్తిగా ఎదగడానికి 25 ఏళ్లు దాకా పడుతుంది. లోపల స్ట్రయేటం అనే భాగం డోపమిన్ అనే రసాయనం‌తో "ఇంకా కావాల" అని లాగుతుంది. ఏళ్లతరబడి తాగితే బ్రేకు బలహీనపడుతుంది, వైన్ షాపు బోర్డు కనబడితే చాలు లాగుడు మొదలవుతుంది. బెట్టింగులో గెలుస్తాననే ఆశ కూడా ఆ దారినే పోతుందట. "బుద్ధి లేదు, రెండు తగిలిస్తే దారికొస్తాడు" అనే మా చుట్టాలు ఇది వినాల్సింది. తన్నితే బాగుపడే జబ్బు కాదిది.

లివర్ పరీక్ష చూసి నాల్‌ట్రెక్సోన్ రాశారు. తాగాలనే కోరిక తగ్గడానికి అది. తాగుడు మాన్పిస్తామని, తెలియకుండా అన్నంలో కలిపే పొడులు అమ్మేవాళ్లను మాత్రం గడప తొక్కనీయొద్దు. డైసల్ఫిరామ్ (తాగితే ఒళ్లు తిరగబడేలా చేసే మందు) లాంటిది కలిపారనుకోండి, మనిషి తెలియక తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది. ఎవర్నడగాలో తెలియకపోతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

క్యాజువాల్టీ ఆయన మీద సూపరింటెండెంటుకు రాతపూర్వకంగా ఇచ్చాను. రసీదు దగ్గరుంది. జవాబొచ్చేదాకా వదలను.