పరదా కట్టి వింటే

డప్పు కాచిన పది నిమిషాలకు ఒక మోత, నలభై నిమిషాలకు ఇంకో మోత. తోలు చల్లబడ్డకొద్దీ వదులవుతుంది. సిర్ర (వాయించే పుల్ల) తగిలిన చోట గణగణ పోయి బొదబొద మిగులుతుంది. కార్తీకంలో కురుమూర్తి జాతరలోనో, మాఘంలో దురాజ్‌పల్లి పెద్దగట్టు మీదో రాత్రి చలికి ఇది ఇంకా తొందరగా జరుగుతుంది. వాయించేవాళ్లందరికీ ఎరుకైన సంగతే. కానీ ఆ వదులు మోత పేరున్న దళం నుంచి వస్తే "పాపం, ఇయ్యాల మంటకాడికి పోనియ్యలే" అంటారు. పేరు లేని దళం నుంచి వస్తే "డప్పు కాచుడు గూడ రాదు వీళ్లకు" అంటారు.

మోత ఒక్కటే. చెప్పుకునే కారణం మారింది. పేరు ప్రతిష్ఠలు చేసే అసలు పని ఇదే అని నా లెక్క. అవి చెవిని చెడగొట్టవు, చెవిన పడ్డ తప్పుకు అర్థం మారుస్తాయి. గొంతు జీరబోతే ఒకరిది మట్టివాసన, ఇంకొకరిది జలుబు. పల్లవికి కొంచెం ఆలస్యంగా వచ్చి చేరితే ఒకరిది విరుపు, ఇంకొకరిది తాళం తప్పుడు. అందుకే "నేను పేరు చూడను, పాటే వింటా" అనే జడ్జి మాట నమ్మడానికి లేదు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. పాటే వింటున్నాడు, కానీ పేరు ముందే చెవిలో కూర్చుంది.

పాలమూరు వాళ్లకు ఇది కళ్లముందే జరిగింది. కిన్నెర అనే తీగ వాద్యం మీద కథలు పాడే దర్శనం మొగులయ్యది లింగాల మండలం అవుసలికుంట. 2021లో ఒక పెద్ద సినిమా పాట ఆయన గొంతుతో మొదలైంది, 2022లో పద్మశ్రీ వచ్చింది. పండుగ సాయన్న కథ, మియాసాబ్ కథ అంతకుముందు ఎన్నో ఏండ్లుగా ఆయన పాడుతున్నవే. ఆ పన్నెండు మెట్ల కిన్నెరా అదే. మారింది వినేవాళ్ల ఓపిక. కిన్నెర కథ రెండు నిమిషాల్లో విచ్చుకోదు. ముందు తీగ కుదురుకోవాలి, గొంతు దానికి ఒరగాలి, ఆ తర్వాతే కథలోకి దిగడం. పేరు రాకముందు ఆ రెండు నిమిషాలకే జనం లేచిపోయేవాళ్లు. పేరు ఇచ్చిన మేలు ఏదైనా ఉంటే, ఆ సమయమే.

దాని వెనకే ఇంకో చిక్కు వస్తుంది. వాయించేవాళ్లు నలుగురే మిగిలిన వాద్యానికి, బిరుదు వచ్చిన మనిషే కొలబద్ద అయిపోతాడు. ఏడు మెట్ల కిన్నెర తెచ్చినవాడిని "గిది అసలు కిన్నెర కాదు" అనేవాళ్లు తయారయ్యారు. నారాయణపేట జిల్లా దామరగిద్ద దాసరి కొండప్పకు 2024లో పద్మశ్రీ వచ్చాక బుర్రవీణ అనే మాట పేపర్లకు ఎక్కింది. ఇకముందు ఎవరు బుర్రవీణ పట్టినా ఆయన పట్టినట్టే పట్టాలంటారు, చూస్తుండండి. కిన్నెర మెట్లు మైనంతో నిలబెడతారు. ఎండకు మైనం మెత్తబడితే మెట్టు జరుగుతుంది, ఆ మెట్టు మీది స్వరం పక్కకు పోతుంది. మిట్టమధ్యాహ్నం షామియానా కింద వినేటప్పుడు ఈ సంగతి తెలిసినవాళ్లు పేరున్నవాడినైనా లేనివాడినైనా ఒకే తీరుగా మన్నిస్తారు. తెలియనివాళ్లు మనిషిని బట్టి మన్నిస్తారు.

ఇక యూట్యూబ్ లెక్కలు. ఫోక్ పాటకు కోటి వ్యూస్ వచ్చాయంటే పాట బాగున్నట్టేనా? 2006లో సైన్స్ పత్రికలో అచ్చయిన ఒక ప్రయోగం దీనికి దగ్గరి జవాబు. 14,341 మందికి ఎవరికీ తెలియని బృందాల 48 పాటలు వినిపించారు. ఒక గుంపుకు పాట పేరు, బృందం పేరు మాత్రమే కనబడ్డాయి. వేరువేరుగా పెట్టిన ఇంకో 8 గుంపులకు తమ గుంపులో ఏ పాటను ఎంతమంది డౌన్‌లోడ్ చేసుకున్నారో కూడా కనబడింది. లెక్క కనబడ్డ చోట పైన ఉన్న పాట ఇంకా పైకి పోయింది, కిందిది ఇంకా కిందికి దిగింది. పైకి వచ్చిన పాట ఒక్కో గుంపులో ఒక్కోటి. మరీ మంచి పాట అట్టడుగున పడటం అరుదు, మరీ నాసి పాట శిఖరానికి ఎక్కడమూ అరుదు. నడిమి పాటలదంతా గాలివాటమే. మన ఊళ్లలో పాడేవాళ్లలో ఎక్కువమంది ఆ నడిమి లెక్కలోనే ఉంటారు గనుక, వ్యూస్ చూసి వాళ్లలో ఎక్కువ తక్కువలు తేల్చడం దండగ.

అసలు పేరు ఎక్కడ మొదలవుతుందో చూస్తే ఇంకా నవ్వొస్తుంది. బ్రస్సెల్స్‌లో జరిగే క్వీన్ ఎలిజబెత్ సంగీత పోటీలో ఎవరు ఏ రోజు వాయించాలో చీటీ తీసి తేలుస్తారు. అక్కడి ఫలితాలను ఆర్థికవేత్తలు తిరగేస్తే, మొదటి రోజు వాయించినవాళ్ల ర్యాంకులు కిందికి, తర్వాతి రోజుల వాళ్లవి పైకి పోవడం కనబడింది. పై ర్యాంకు వచ్చినవాళ్లకు ఆ తర్వాత పేరూ, రికార్డింగులూ ఎక్కువ. అంటే కొంత కీర్తికి మొదలు ఒక చీటీ.

పేరు తలకిందులైన సందర్భాలూ ఉన్నాయి. వయొలిన్ విద్వాంసుడు ఫ్రిట్జ్ క్రైస్లర్ తన సొంత రచనలను పాతకాలపు స్వరకర్తలవని చెప్పి ఏండ్లపాటు వాయించి, 1935లో అవన్నీ తనవేనని ఒప్పుకున్నాడు. మెచ్చుకున్న విమర్శకులకు అప్పుడు కోపం వచ్చింది. సంగీతంలో ఒక్క స్వరం మారలేదు, మరి కోపం దేనికి? ఇంకో పేరున్న వయొలిన్ విద్వాంసుడు జాషువా బెల్ కథ కూడా అందరూ చెప్తుంటారు. 2007 జనవరి 12న వాషింగ్టన్ మెట్రో స్టేషన్లో, 1713 నాటి స్ట్రాడివేరియస్ వయొలిన్ మీద 43 నిమిషాలు వాయిస్తే 1,097 మంది దాటిపోయారు, నిలబడి విన్నది ఏడుగురు. జనానికి చెవుల్లేవని దీన్ని రుజువుగా చూపడం నాకు నచ్చదు. పొద్దున ఎనిమిదింటికి నల్లగొండ బస్టాండులో హైదరాబాద్ బస్సు కదులుతుంటే ఎవరు పాడినా ఎవరు ఆగుతారు? అది తీర్పు కాదు, తొందర.

సరే, మండల స్థాయిలో జానపద పోటీ పెట్టాలనుకున్న యువజన సంఘం ఏం చేయాలి? పరదా కట్టాలి. అమెరికా ఆర్కెస్ట్రాలు 1970ల నుంచి చేస్తున్న పనే ఇది. చెప్పుల చప్పుడుకు ఆడా మగా తెలిసిపోతుందని కింద తివాచీ కూడా పరిచేవాళ్లు. మన దగ్గర చెప్పులతో పేచీ లేదు, గజ్జెలతో ఉంది. గజ్జెల చప్పుడును బట్టి దళాన్ని చెప్పేవాళ్లున్నారు. కాబట్టి పాటల పోటీలో గజ్జెలు విప్పించాలి. పరదాకు పలచటి నల్ల నూలు బట్ట ఒక్క వరస చాలు. మందపు బట్ట గొంతులోని మెరుపును మింగేస్తుంది. అదీ దొరకకపోతే జడ్జీలను వేదికకు వీపు పెట్టి కూర్చోబెట్టండి, పైసా ఖర్చు లేదు.

పరదా కట్టగానే పని అయిపోదు. మొదట మోసపోయేది మైక్‌సెట్ పిల్లాడి దగ్గర. పేరున్న గాయకుడు వచ్చాడని తెలిస్తే వాడి చెయ్యి తెలియకుండానే వాల్యూమ్ పెంచుతుంది, ఎకో కలుపుతుంది. రవ్వంత పెద్దగా వినబడ్డ పాట "చిన్నగా ఉన్నదానికంటే బాగుంది" అనిపిస్తుంది గానీ "పెద్దగా ఉంది" అనిపించదు. అందుకని మైక్ ఒక్కటే ఉండాలి, నోటికి నాలుగు వేళ్ల దూరంలో. ఎకో పూర్తిగా సున్నా. మిక్సర్ మీద గుబ్బ ఎక్కడుండాలో టేపు ముక్కతో గుర్తు పెట్టండి. గొంతు తేడా ఉన్నవాళ్ల కోసం ప్రతి ఒక్కరితో ఒకే పల్లవి పాడించి సరిచేయండి, పాట మొదలయ్యాక మాత్రం ముట్టుకోవద్దు. ముందే గొంతు నింపుకొచ్చిన ట్రాక్ వాడే అలవాటు జాతర వేదికల మీద పెరిగింది. పోటీలో ట్రాక్ బంద్, ఢోలక్ చాలు.

తొలి వడపోతకు వాట్సాప్ రికార్డింగులు తెప్పిస్తారు గదా, అక్కడ డీపీ ఫొటో చూడగానే సగం పని చెడుతుంది. పోటీతో సంబంధం లేని ఒకరు అన్నీ తీసుకొని, పేర్లు చెరిపి, నంబర్లు పెట్టి జడ్జీలకు పంపాలి. ఆడియోను డాక్యుమెంటుగా పంపమనండి, నాణ్యత తగ్గదు. వీడియో వద్దే వద్దు. సంగీత పోటీల్లో గెలిచిందెవరో ఊహించమంటే, ఉత్త ఆడియో విన్నవాళ్లకంటే శబ్దం తీసేసిన వీడియో చూసినవాళ్లే ఎక్కువ సరిగ్గా చెప్పారని 2013లో ఒక అధ్యయనం వచ్చింది. సంగీత విద్వాంసులది కూడా అదే పరిస్థితి.

పరదాను చీల్చే దారులు ఇంకా ఉన్నాయి. మన కవిగాయకులు ఆఖరి చరణంలో తమ పేరో ఊరి పేరో ఇరికిస్తారు. ఆ చరణం వదిలేయమని ముందే చెప్పాలి. జనం ఉంటే "అన్నా!" అని అరుపు పడుతుంది, ఈలలు పడతాయి. అందుకే మార్కుల విడత జనం లేకుండా పొద్దున పెట్టి, సాయంత్రం వేదిక మీద అందరి ముందూ పాడించడం మేలు. పేరున్నవాడు తన హిట్ పాటే పాడితే, విన్న పాట కావడం వల్లే చెవికి ఇంపు. దానికి మందు ఒక్కటే: అందరూ ఒక ఉమ్మడి పాట పాడాలి, తర్వాత తమ పాట ఒకటి. ఉమ్మడి పాటగా బతుకమ్మ ఉయ్యాల పాట పెడితే సరిపోతుంది. వరస తెలియనివాళ్లు ఉండరు, సాగదీయడానికి చోటుంటుంది, చరణం చివర ఊపిరి ఎవరిది నిలబడుతుందో ఇట్టే తేలుతుంది.

చీటీల దురదృష్టానికి పూర్తి విరుగుడు లేదు. పోటీలో లేని ఒకరితో మొదటి పాట పాడించి జడ్జీల చెవికి కొలత దొరకనివ్వండి. మొదటి ముగ్గురి మార్కులు పెన్సిల్‌తో వేయించి, నాలుగో పాట తర్వాత ఖరారు చేయించండి. డప్పు దళాలైతే ప్రతి దళానికీ వంతుకు పది నిమిషాల ముందు మంట దగ్గర చోటు ఇవ్వాలి. ఇది దయ కాదు, లెక్క. కాగితం మీద శ్రుతి, లయ, మాట స్పష్టత, పల్లవికి తిరిగి చేరడం, భావం అని ఐదు గళ్లు, ఒక్కోదానికి 10. "మొత్తం మీద" అనే గడి పెట్టారో, పేరు వచ్చి అందులోనే కూర్చుంటుంది. జడ్జీలు ముగ్గురో ఐదుగురో ఉండాలి. కాగితాలు చేతికి వచ్చేదాకా ఒకరితో ఒకరు మాట్లాడకూడదు. పెద్దాయన ఒకరు "బాగ పాడిండు" అన్నాడంటే మిగతావాళ్ల కలాలు అటే తిరుగుతాయి.

ఇంకో రకం జడ్జి కూడా ఉంటాడు. పేరున్నవాడని పసిగట్టగానే "సినిమాల పడి ఖరాబైండు" అని రెండు మార్కులు కోసేవాడు. అది కూడా పేరుకు లొంగడమే.

అన్నిటికీ పరదా కుదరదు. ఒగ్గుకథ, చిందు యక్షగానం, అడుగులు వేసే డప్పు చూసే కళలు కూడాను. వాటికి బట్ట అడ్డం పెట్టడం తెలివితక్కువ. మొదటి పది నిమిషాలు వీపు తిప్పి విని మార్కులు వేసి, తర్వాత తిరిగి చూసి ఆటకు వేరే కాగితం మీద వేస్తే సరి. పేరంతా వట్టిదని కూడా కాదు. రెండేండ్లకోసారి పెద్దగట్టు మీద రాత్రంతా నిలబడి, జేబులోంచి తీసి ఇచ్చే జనం ముందు ఇరవై ఏండ్లు పాడినవాడి పేరుకు ఒక తూకం ఉంది. అక్కడ నచ్చకపోతే జనం లేచిపోతారు.

చివరగా జడ్జీలకూ ఒక పరీక్ష ఉంది, దీనికి ఎవరూ ఒప్పుకోరు గానీ. వడపోత రికార్డింగుల్లో ఒకే పాటను రెండు నంబర్ల కింద, నడుమ పది పాటల ఎడంతో పెట్టండి. 50కి రెండు మూడు మార్కుల తేడా మామూలే. మొదటిసారి 29, రెండోసారి 41 వేసినాయనకు శాలువా కప్పి, సాయంత్రం బహుమతులు ఇచ్చే పని అప్పజెప్పండి.