గిగ్ లేన్ మైదానం ఎవరిది?

మా అమ్మమ్మగారి ఊరు పుట్టపాక. తాత నేసిన మగ్గం ఎప్పుడో పోయింది కానీ, దాని నాడె, అంటే పడుగు మధ్య అటూ ఇటూ ఉరికి పేక దారం వేసే కొయ్య సాధనం, మాత్రం నల్లగొండలో మా ఇంట్లో నా బల్ల మీద ఉంది. రెండు కొసలకు ఇనుప మొనలు, నడుమ నూలు చుట్టిన కండె కూర్చునే తొట్టి, పక్కన దారం బయటికి వచ్చే చిన్న కన్నం. ఏళ్ల తరబడి దారం రాసుకుని ఆ కన్నం అంచు అద్దంలా నున్నబడింది. తాత తాడు గుంజగానే అది ఈ పెట్టెలో నుంచి ఆ పెట్టెలోకి దూసుకుపోయే చప్పుడు వింటూ నేను పగటిపూట నిద్రపోయేవాణ్ని.

2023లో మా అక్క కొడుకు ఉద్యోగం మీద మాంచెస్టర్ వెళ్లి, అక్కడికి ఉత్తరాన 13 కిలోమీటర్ల దూరంలో ఉన్న బరీ అనే ఊళ్లో ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. వెళ్లిన కొత్తలోనే ఫోన్ చేసి, "మామా, తాత మగ్గానికి తాడు గుంజితే ఉరికే నాడె లేదా, దాన్ని కనిపెట్టినాయనది ఈ ఊరేనట. బజార్ల ఆయన పేరు మీద స్మారకం కట్టిన్రు" అన్నాడు. అది నిజమే. 1704లో బరీ దగ్గర పుట్టిన జాన్ కే 1733లో ఎగిరే నాడెకు పేటెంటు తీసుకున్నాడు. అంతకుముందు వెడల్పు బట్ట నేయాలంటే అటొకరు ఇటొకరు కూర్చుని నాడెను చేత్తో విసురుకోవాల్సి వచ్చేది. తరువాత బరీ చుట్టుపక్కల లంకాషైర్ అంతటా మిల్లులు లేచాయి, ఆ మిల్లుల బట్ట మన మగ్గాల పొట్ట కొట్టింది. అది వేరే కథ. నేను ఇక్కడ చెప్పదలచుకున్నది ఆ ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు గురించి. మేనల్లుడి పుణ్యమా అని ఆ క్లబ్బు ఇప్పుడు నా మనసుకు బాగా దగ్గరైంది.

బరీ ఫుట్‌బాల్ క్లబ్బు 1885లో పుట్టింది. గిగ్ లేన్ అనే మైదానం అదే ఏడు నుంచి దానికి ఇల్లు. 1894లో ఇంగ్లండ్ వృత్తి క్లబ్బుల పోటీ అయిన ఫుట్‌బాల్ లీగ్‌లో చేరింది, 1900లో సౌతాంప్టన్‌ను 4-0తో ఓడించి, చిన్నా పెద్దా క్లబ్బులు తలపడే ఎఫ్ఏ కప్ గెలిచింది. 1903లో డెర్బీ కౌంటీని 6-0తో ఓడించి మళ్లీ గెలిచింది, ఆ పోటీ మొత్తంలో ఒక్క గోల్ కూడా ఎవరికీ ఇవ్వలేదు. ఫైనల్‌లో అంత తేడాతో గెలిచిన జట్టు ఆ తరువాత 116 ఏళ్లపాటు మరొకటి లేదు. 1925-26లో, అప్పట్లో అన్నిటికన్నా పై శ్రేణి అయిన మొదటి డివిజన్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. అదే దాని శిఖరం. ఆ తరువాత మెట్లు దిగుతూ ఎక్కుతూ గడిపింది. పై నాలుగు డివిజన్లలో ఒక్కోదాంట్లో వెయ్యేసి గోల్స్ కొట్టిన తొలి క్లబ్బుగా 2005లో పేరు తెచ్చుకున్నదంటే, అది పైనా కిందా ఎంత కాలం తిరిగిందో అర్థమవుతుంది.

ఈ క్లబ్బు ఆటలో ఓడిపోయి పతనం కాలేదు. నన్ను అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టేది ఇదే. 2018-19లో జట్టు బాగా ఆడి, రెండో స్థానంతో నాలుగో శ్రేణి నుంచి మూడో శ్రేణికి ఎక్కింది. అదే సమయంలో ఆటగాళ్లకు, సిబ్బందికి జీతాలు అందడం లేదు. స్టూవర్ట్ డే యజమానిగా ఉన్న కాలంలో మైదానాన్ని తాకట్టు పెట్టి అప్పులు తెచ్చారు. స్టేడియం చుట్టూ ఉన్న కారు పార్కింగ్ స్థలాలను సైతం పెట్టుబడి పేరుతో బయటివాళ్లకు అమ్మారు. 2018 డిసెంబరులో ఆయన క్లబ్బును స్టీవ్ డేల్ అనే వ్యాపారికి ఒక్క పౌండుకు అప్పగించారు. 133 ఏళ్ల చరిత్ర ఉన్న సంస్థ, అప్పులతో సహా, టీ ఖరీదుకు చేతులు మారింది. వారం వారం డబ్బు పెట్టి టికెట్టు కొని, వర్షంలో నిలబడి జట్టును మోసిన జనానికి ఆ సంతకంలో ఏ పాత్రా లేదు.

కొత్త సీజన్ మొదలయ్యే సమయానికి డబ్బు ఉన్నట్టు ఆధారాలు చూపమని లీగ్ అడిగింది. చూపలేకపోవడంతో మ్యాచ్‌లు ఒకదాని తరువాత ఒకటి ఆగిపోయాయి. క్లబ్బు మాజీ డైరెక్టరు జాయ్ హార్ట్ అనే ఆవిడ స్టేడియం గోడకున్న వాన నీటి గొట్టానికి తనను తాను కట్టేసుకుని నిరసన తెలిపింది. చివరి గడువు 2019 ఆగస్టు 27. కొనడానికి ఒక కంపెనీ ముందుకొచ్చిందని, ఆట మళ్లీ మొదలవుతుందని నమ్మి, ఆ రోజు వందల మంది చీపుర్లు, బకెట్లు, గుడ్డలు పట్టుకుని గిగ్ లేన్‌కు వచ్చి మెట్లు ఊడ్చారు, కుర్చీలు తుడిచారు. పిలిచినవాళ్లకు, వచ్చినవాళ్లకు అందరికీ అది పండుగకు ముందు ఇల్లు అలికినట్టే. మధ్యాహ్నానికి ఆ కంపెనీ వెనక్కు తగ్గింది. రాత్రికి లీగ్ బరీని బహిష్కరించింది. 125 ఏళ్ల సభ్యత్వం ఆ ఒక్క రాత్రితో పోయింది. అంతకు మూడు నెలల ముందే, 1903 నాటి ఆ 6-0 రికార్డును పక్కనే ఉన్న మాంచెస్టర్ సిటీ సమం చేసింది.

బరీ పక్క ఊరు రాచ్‌డేల్. 1844లో అక్కడ 28 మంది, వాళ్లలో నేతపనివాళ్లు పలువురు, తలా కొంత వేసుకుని దుకాణం తెరిచారు. ఎంత డబ్బు పెట్టినా మనిషికి ఒకే ఓటు అన్నది వాళ్ల నియమం. మన చేనేత సహకార సంఘాలకు మూలం అదే. తాత వాటా రసీదు నేను దాచుకున్నాను. మా సంఘం వాళ్లు నూలు ఇవ్వడం మానేసి, లెక్కలు చూపక, చివరకు తాళం వేసుకున్నప్పుడు తాత కుమిలిపోయాడు కానీ, "మనది మనం చూసుకోకపోతిమి" అనే అన్నాడు. ఆ మాట బరీ విషయంలో నాకు పదే పదే గుర్తుకొస్తుంది. అయితే అక్కడి జనానికి చూసుకునే హక్కే లేకపోయింది. తాతకు కనీసం ఒక ఓటు ఉండేది.

అభిమానులు ఆ హక్కును తరువాత సంపాదించుకున్నారు. కానీ సులువుగా కాదు. కొందరు బరీ ఏఎఫ్‌సీ పేరుతో కొత్త జట్టు పెట్టి, పక్కనున్న రాడ్‌క్లిఫ్ మైదానంలో పదో శ్రేణి నుంచి ఆట మొదలుపెట్టారు. మరికొందరు పాత పేరును, పాత మైదానాన్నే దక్కించుకోవాలని పట్టుబట్టి, ప్రభుత్వ నిధి సాయంతో 2022లో గిగ్ లేన్‌ను కొన్నారు. ఒకే జట్టును ప్రేమించే మనుషులు రెండు వర్గాలై మాటలనుకున్నారు. 2022 అక్టోబరులో విలీనం కోసం ఓటింగ్ పెడితే రెండు వర్గాల అభిమాన సంఘాల్లోనూ మూడింట రెండు వంతుల మద్దతు కావాల్సి ఉండగా, ఒక సంఘంలో కొద్దిలో తప్పిపోయింది. మళ్లీ కూర్చున్నారు, మళ్లీ మాట్లాడుకున్నారు, 2023లో మరోసారి ఓటేసి ఒక్కటయ్యారు. ఉమ్మడి ఆస్తిలో ఉండే చిక్కులు సంఘాల్లో పెరిగినవాడిగా నాకు తెలుసు కనుక, ఓడిన ఓటింగ్ తరువాత వాళ్లు లేచి వెళ్లిపోకపోవడం నాకు ఆ రెండు కప్పుల కన్నా గొప్పగా కనిపిస్తుంది.

2023లో తొమ్మిదో శ్రేణి జట్టుగా బరీ గిగ్ లేన్‌కు తిరిగి వచ్చింది. ఆ శ్రేణిలో చాలా క్లబ్బులకు కొన్ని వందల మంది వస్తే ఎక్కువ, ఇక్కడికి మూడు వేల మంది వచ్చేవారు. 2024-25లో ఆ లీగ్ గెలిచి ఒక మెట్టు ఎక్కింది. బరీ పతనం తరువాత మొదలైన చర్చ కూడా ఊరికే పోలేదు, క్లబ్బుల యజమానులను, లెక్కలను పరిశీలించే స్వతంత్ర సంస్థ కోసం బ్రిటన్ 2025లో చట్టం చేసింది.

మేనల్లుడు బరీ అభిమానుల సంఘంలో సభ్యత్వం తీసుకున్నాడు. శనివారం మన రాత్రి ఎనిమిదిన్నరకు, ఎండాకాలమైతే ఏడున్నరకు, అక్కడ ఆట మొదలవుతుంది. విరామంలో వీడియో కాల్ చేసి మైదానం చూపిస్తాడు. వాడి పక్క సీటులో ఎప్పుడూ ఒక పెద్దాయన కూర్చుంటాడు. 2019 ఆగస్టులో ఆ వరుసను గుడ్డతో తుడిచింది తానేనని చెబుతూ, ఇప్పటికీ కూర్చునే ముందు సీటును అరచేత్తో ఒకసారి తుడుస్తాడట.