ఉత్తరాల సంచులు ఎగిరిన రన్‌వే

పారిస్ శివార్లలో లె బూర్జే విమాన మ్యూజియానికి నేను వెళ్లింది కొన్ని తుప్పుపట్టిన లోహపు ముక్కల కోసం. అవి ‘ద లిటిల్ ప్రిన్స్’ రాసిన ఫ్రెంచ్ రచయిత, పైలట్ ఆంత్వాన్ ద సాంతెగ్జుపెరి ఆఖరిసారి నడిపిన పి-38 విమానం శకలాలు. 1944 జులై 31న కార్సికా ద్వీపం నుంచి, ఆయుధాలేవీ లేని ఆ విమానంలో, శత్రు స్థావరాల ఫోటోలు తీయడానికి ఒక్కడే బయలుదేరాడు. తిరిగి రాలేదు. అప్పటికి 44 ఏళ్లు. 2003లో మార్సెయ్ దగ్గర సముద్రం అడుగు నుంచి ఈ ముక్కలు తీశారు. వాటి మీద మిగిలిన 2734 అనే తయారీ సంఖ్యే అది ఆయన విమానమని మరుసటి ఏడాది రుజువు చేసింది.

అక్కడ ఎక్కువసేపు నిలబడలేకపోయాను. ఆయన మొదలైన చోటు చూడాలనిపించి రైలెక్కి తులూజ్ వెళ్లాను.

కాపిటోల్ చౌకు మూలన గ్రాన్ బాల్కన్ హోటల్ ఉంది. విమానాల్లో ఉత్తరాలు చేరవేసిన లాతెకోయెర్ కంపెనీ పైలట్లు బస చేసిన చోటు ఇదే. సాంతెగ్జుపెరిది 32వ నంబరు గది. ఇప్పుడు ఖరీదైన హోటలైంది గానీ, ఆ రోజుల్లో జీతం రాళ్లతో బతికే కుర్రాళ్ల మకాం. వేకువజామున గుమస్తాలతో కలిసి పాత బస్సులో కుదుపులు తింటూ మోంతోద్రాన్ విమానాశ్రయానికి వెళ్లిన తొలి ఉదయాన్ని ఆయన ఎంతో ఇష్టంగా రాసుకున్నాడు. నేనూ బస్సులోనే వెళ్లాను. అది చదివినవాళ్లు మరోలా వెళ్లలేరు.

విమానాలు ఆగిపోయిన ఆ రన్‌వే ఇప్పుడు నడకదారి. పిల్లలు సైకిళ్లు తొక్కుతున్నారు. పక్కనే పాత కంపెనీ భవనాల్లో ఆనాటి పైలట్ల మ్యూజియం. 1926లో ఇక్కడ ఉద్యోగంలో చేరిన కుర్రాడికి ముందు దక్కింది ఇంజన్ల షెడ్డు. దిదియె దోరా అనే అధికారి కొత్త పైలట్లందరినీ మెకానిక్కుల పక్కన నిలబెట్టి, చేతులకు మసి అంటాకే విమానం ఇచ్చేవాడు. సాంతెగ్జుపెరి వాక్యాల్లోని బరువు ఆ షెడ్డు నుంచే వచ్చిందని నా గట్టి నమ్మకం. ఆకాశం అందాన్ని ఎందరో రాశారు. ఉత్తరాల సంచి వేళకు చేరాలన్న ఆరాటాన్ని అంత గొప్పగా రాసినవాడు నాకు మరొకడు కనపడలేదు.

ఆ ఆరాటం ఉత్తుత్తిది కాదు. బ్రెగె 14 విమానంలో పైలట్ తల గాలికీ వానకూ బయటే ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధంలో మిగిలిపోయిన ఆ విమానాల ఇంజన్లు దారిలో మొరాయించేవి. సహారా మీదుగా పోతూ ఇసుకలో దిగిపోతే అక్కడి తెగలవాళ్లు పట్టుకుని డబ్బు అడిగేవారు. ప్రాణాలు పోయినవాళ్లూ ఉన్నారు. అందుకే ఎడారి మీద రెండేసి విమానాలు జతగా ఎగిరేవి. 1927లో ఆయన్ని సహారా తీరంలోని కేప్ జూబీ విమాన స్టేషన్ అధిపతిగా పంపారు. ఒకవైపు సముద్రం, మరోవైపు ఎడారి, స్పెయిన్ వాళ్ల కోట పక్కన చెక్క గది. తెగల పెద్దలతో మాటలు కలిపి, చిక్కుకుపోయిన పైలట్లను వెతికి తెచ్చాడు. మొదటి నవల ఆ గదిలోనే రాశాడు.

కేప్ జూబీ ఇప్పుడు మొరాకోలోని తర్ఫాయా. అక్కడా ఆయన పేర మ్యూజియం ఉంది. నా తర్వాతి ప్రయాణం అక్కడికే.